గట్టి క్లచ్చే కావాలన్నాడు

సూదులు ఏడు ఉండాలి. ఆరే ఉన్నాయి.

ఆమె రేకుడబ్బా మూత పక్కన పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. పడవల మీద కప్పే మందపాటి టార్పాలిన్ కుట్టే మిషన్ సూదులవి. ఒక్కొక్కటీ బొటనవేలంత పొడుగు, చూస్తేనే ఒళ్ళు జలదరించేంత లావు. పొయ్యి వెలిగించక ముందే సూదులు లెక్కపెట్టుకోవడం ఆమెకు పెళ్ళైన కొత్తలో పట్టుకున్న అలవాటు. ఒక్కటి తగ్గితే చాలు, అది ఎవరి కాల్లో దిగిందో, దిగి లోపలే విరిగిపోయిందో, పాకుతూ పాకుతూ గుండెదాకా పోతుందో అని ఆమె మనసు కన్ను మూసి తెరిచేలోగా అక్కడిదాకా పరిగెత్తేది.

పాత స్పీకర్‌లోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతానికి తాడు కట్టి ఉంచుకుంది ఆమె. ఆ తాడు పట్టుకుని, కుక్కపిల్లని నడిపించినట్టు గదంతా ఈడ్చుకుంటూ తిరిగింది. మిషన్ కింద, మంచం కింద, తలుపు సందుల్లో. రెండు గుండుసూదులు, ఒక మేకు, ఎప్పుడో పోయిన జాకెట్ హుక్కు దొరికాయి. సూది మాత్రం దొరకలేదు.

"ఎవరూ చెప్పుల్లేకుండా అడుగు పెట్టొద్దు. చెబుతున్నా," అంది గట్టిగా.

"తుపానొస్తోందని చెప్పినట్టు చెబుతావేంటమ్మా. సూదేగా," అంది కూతురు పళ్ళు తోముకుంటూ. ఇరవై మూడేళ్ళ పిల్ల. చిన్నప్పుడు ఒక్కచోట కూర్చునేది కాదని తండ్రి 'పిచ్చుక' అని పిలిచాడు, ఆ పేరే ఉండిపోయింది.

"సూదేగా అంటావు. దిగాక తెలుస్తుంది."

"దిగితే కెవ్వుమంటాంగా. అప్పుడు దొరికేస్తుంది."

తండ్రి అప్పటికే మేజోళ్ళూ బూట్లూ వేసుకుని వరండాలో కుర్చీ మీద కూర్చున్నాడు. మూడు రోజులుగా బండి ఇంటి ముందు లేదు. బండి లేని ఆ ఖాళీ జాగా వైపే చూస్తున్నాడు.

ఆయన పని పడవలు లాగడం. సరస్సులోంచి మరమ్మతుకొచ్చిన పడవని నీళ్ళలోకి దింపిన ట్రైలర్ మీదికి ఎక్కించి, ఆ ట్రైలర్‌ని పికప్‌కి తగిలించి, రేవు వాలు మీదుగా పైన ఉన్న షెడ్డుకి చేరుస్తాడు. ట్రైలర్‌ని ఇంట్లో అందరూ 'తోక' అంటారు. తోక తగిలిస్తే బండి బరువు మూడింతలవుతుంది. రేవేమో నిట్టనిలువుగా ఉంటుంది, పైగా నాచు. అందుకని తోక వెనకాల ఒక మనిషి చెక్క దిమ్మ పట్టుకుని నడవాలి. బండి ఆగినప్పుడల్లా చక్రం కింద దిమ్మ పెట్టాలి. బండి కదలొచ్చు అనుకున్నప్పుడు తోక పక్కన రేకు మీద రెండుసార్లు కొట్టాలి. రెండు దెబ్బలు వినిపిస్తేనే ఆయన క్లచ్ వదులుతాడు.

ఆ దిమ్మ పట్టుకునేది పిచ్చుక. పిల్లకి బండి నడపడం వచ్చు, ఖాళీ బండి ఊరంతా తిప్పుతుంది కూడా. కానీ కిందటేడు బండిని షెడ్డు గేటుకి గీకించిన రోజున తల్లి ఒట్టు పెట్టించుకుంది. తోక తగిలించాక స్టీరింగ్ ముట్టుకోకూడదని.

మూడు రోజుల కిందట రేవు మధ్యలో బండి ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, చక్రాలు కదలవు. కాలిన గోనెసంచి వాసన. పడవతో సహా తోక రెండు బారలు వెనక్కి జారి, దిమ్మ మీద ఎక్కబోయి ఆగింది. ఈ సంగతి తండ్రీ చెప్పలేదు, కూతురూ చెప్పలేదు. షెడ్డు కాపలాదారు చెబితే తెలిసింది ఆమెకి. ఆ రోజునుంచీ అన్నం గొంతు దిగడం లేదు.

"క్లచ్ మాడిపోయిందట. ఏది వేయించాలో వచ్చి చూసుకోమన్నాడు మెకానిక్," అన్నాడు ఆయన. "గట్టిది వేయించేద్దాం. ఇంక మాటల్లేవు."

"అంత గట్టిదెందుకు నాన్నా? పెడల్ తొక్కితే మోకాలు విరిగేలా ఉంటుంది. మెత్తటిదే తీసుకుందాం."

"మెత్తటిది నీకు. తోక లాగేది నేను."

"లాగేది బండి. నువ్వు కూర్చుంటావు."

"ఈ మాట ఇంకోసారి అను."

"అన్నానుగా."

తండ్రీ కూతుళ్ళు ఇలా కీచులాడుకోవడం కొత్తకాదు. కానీ ఈసారి నవ్వులేదు మాటల్లో. నెల రోజులుగా ఏదో ఒక వంకతో ఈ పిల్ల పొద్దస్తమానం ఆ బండి మీదే ఉంటోంది, మాడగొట్టింది ఇదే, ఇప్పుడు సుఖంగా తొక్కేది కావాలంటోంది, అనుకుంది తల్లి.

"నేనూ వస్తాను," అంది.

ఇద్దరూ ఒక్కసారే ఆమె వైపు చూశారు. "నువ్వెందుకు?" అన్నారు ఇద్దరూ.

మెకానిక్ షెడ్డులో బండి ముందుభాగం ఎత్తి నిలబెట్టి ఉంది. పొట్ట కోసిన పశువులా కనిపించింది ఆమెకి. మెకానిక్ ముసలాయన, చెవి వెనక పెన్సిలు, చేతుల మీద గ్రీజు చర్మంలో కలిసిపోయింది. ఆమెని చెల్లెమ్మా అంటాడు, ఆ వరసన ఆమె భర్త బావగారయ్యాడు.

"రండి చెల్లెమ్మా. ఈయన తీసుకురాడనుకున్నాను, మీరే తీసుకొచ్చారు," అంటూ బల్ల మీద పరిచిన పాత కాగితం మీంచి సామాన్లు ముందుకు జరిపాడు.

మాడిపోయిన క్లచ్ ప్లేటు అరిగి అద్దంలా మెరుస్తోంది. దాని జత ఇనప చక్రం మీద నీలం నీలంగా మచ్చలు. "ఇవి వేడికి పడ్డ మచ్చలు. కాలిన ఒళ్ళు మీద కమిలిన మచ్చల్లాంటివి." తరవాత చిన్న బేరింగ్ ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. అది కీచుమంది. "అసలు సంగతి ఇక్కడుంది. ఇది ఇంత తొందరగా పోకూడదు. పెడల్ తొక్కినప్పుడే ఇది తిరగాలి. ఇది రోజంతా తిరిగింది."

"అంటే?"

"అంటే బండి నడుస్తున్నంతసేపూ ఎవరో పెడల్ మీద కాలు మోపే ఉంచుతున్నారు. సగం తొక్కి, సగం వదిలి. అలా ఉంటే ప్లేటు పట్టుకోదు, జారుతుంది, మాడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే పని ఇది." ఆయన చూపు మెల్లగా పిచ్చుక మీద వాలింది.

తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. "చెప్పానా? వద్దు వద్దంటే విన్నావా? రెండు బారలు జారిందటే బండి. ఆ వెనకాల ఉన్నది నువ్వేనే. నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు. ఆ దిమ్మ తప్పితే ఈపాటికి నిన్ను..."

పిచ్చుక ఆ బేరింగ్ వంక చూసింది. తరవాత తండ్రి వంక. "నేనే. అలవాటైపోయింది. మానేస్తాను," అంది.

తండ్రి గోడ మీద వేలాడుతున్న బెల్టుల్ని లెక్కపెడుతున్నట్టు అటే తిరిగి నిలబడ్డాడు.

మెకానిక్ మూడు పెట్టెలు తెచ్చి పెట్టాడు. "ఇది కంపెనీతో వచ్చిన రకం. మెత్తగా ఉంటుంది, కానీ తోక బరువుకి మళ్ళీ ఏడాదిలో నా దగ్గరికే వస్తారు. నాకు మంచిదే. ఇదేమో గట్టిది. రాగి ముక్కలు అతికించిన ప్లేటు, బలమైన స్ప్రింగు. జారమన్నా జారదు. కానీ గబుక్కున పట్టేస్తుంది, మెల్లగా వదలడం కుదరదు. పెడల్ ఇనప దూలంలా ఉంటుంది. పందేల బండ్లకి బాగుంటుంది. ఈ మధ్యది, ప్లేటు నిండుగా ఉంటుంది, పట్టు ఎక్కువ, అయినా మెల్లగా పడుతుంది. తొక్కడానికి పాతదానికన్నా కాస్త బరువు, అంతే. బరువు లాగేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. అయినా క్లచ్ ఎంచేది బండిని చూసి కాదు బావగారూ, తొక్కే కాలిని చూసి. నడిపేదెవరు?"

"నేనే," అన్నాడు ఆయన. "గట్టిదే వెయ్యి."

"రేవులో అంగుళం అంగుళం వెనక్కి దించాలి మీరు. అది అంగుళాలు ఒప్పుకోదు. గెంతుతుంది."

"గట్టిదే వెయ్యమన్నాను."

"సరే, ఒక పని చెయ్యండి. ఆ మూల ఉన్న బండికి అదే వేశాను. ఎక్కి తొక్కి చూడండి, రెండు నిమిషాల్లో మీ ముచ్చట తీరిపోతుంది."

ఆయన ఎక్కాడు. ఎక్కేటప్పుడు ఎడమకాలి పాంటుని చేత్తో పట్టుకుని లోపలికి లాక్కున్నాడు. పెడల్ తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. ఆయన ముఖంలో ఏదో మారింది. చాలా కాలానికి తెలిసిన మనిషి ఎదురైనట్టు అయింది ఆ ముఖం.

"ఇది తెలుస్తోంది," అన్నాడు.

మెకానిక్ నవ్వాడు. "తెలియక ఏమవుతుంది, తొడ పట్టేస్తుంది." కూతురు నవ్వలేదు. తల్లి ఆ మాట విన్నది కానీ చెవిలో పెట్టుకోలేదు. ఆమె మనసంతా రెండు బారల దగ్గరే ఉంది.

మధ్యాహ్నంలోగా చెబుతామని ముగ్గురూ ఇంటికొచ్చారు.

ఇంటికి చేరగానే ఆయన వరండాలో కుర్చీలో కూలబడి బూట్లు విప్పాడు. పిచ్చుక ఎదురుగా గోడకానుకుని నిలబడింది. మళ్ళీ మొదలైంది.

"మెత్తటిది వద్దు, కనీసం మధ్యదైనా ఒప్పుకో నాన్నా."

"నీకేం తెలుసు?"

"నాకు తెలియదా?"

ఆ గొడవ వినలేక తల్లి అయస్కాంతం తాడు చేతిలోకి తీసుకుంది. చేతులకి ఏదో ఒక పని లేకపోతే ఆమెకి పిచ్చెక్కుతుంది. పొద్దున కుర్చీ కింద వెతకలేదు, ఆయన కూర్చుని ఉన్నాడని. ఇప్పుడు వంగి కుర్చీ కిందినుంచి అయస్కాంతాన్ని ఇవతలికి లాగింది. ఆయన మడమ పక్కగా వస్తూ అది ఒక్కసారి గెంతింది. టక్కుమని కాలికి అతుక్కుంది.

ఆమె తాడు లాగింది. రాలేదు. ఇంకాస్త లాగింది. మేజోడు సాగింది, మడమ చర్మం దానితోపాటు సాగింది.

"నిన్నగాక మొన్న పుట్టినదానివి, నాకు క్లచ్చుల గురించి చెబుతావా?" అంటున్నాడు ఆయన, పైన, కూతురితో. కాలు కదల్చలేదు. కిందికి చూడలేదు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మేజోడు కిందికి జార్చింది. మడమలో ఏడో సూది ఉంది. సగానికి పైగా దిగి ఉంది. చుట్టూ రక్తం ఎండి నల్లగా గడ్డకట్టింది. పొద్దుట్నుంచీ ఈ మనిషి దాని మీదే నడిచాడు. మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు, ఆ సూది దిగిన కాలితోనే పెడల్ తొక్కాడు.

రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. వచ్చేసింది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

మాట ఆపింది పిచ్చుక. గోడకానుకున్నదల్లా అలాగే కిందికి జారి నేల మీద కూర్చుంది. అప్పుడు తలవంచి చూశాడు ఆయన. భార్య చేతిలో సూది, దాని కొసన రక్తం.

"అబ్బా," అన్నాడు. ఆలస్యంగా, నేర్చుకున్న మాట అప్పజెప్పినట్టు.

"నొప్పి లేదు కదా మీకు," అంది ఆమె. "అబ్బా అని ఎందుకంటారు."

ఆమె ఇద్దరి వంకా చూసింది.

"ఎప్పట్నుంచి?"

"ఏడు నెలలు," అంది పిచ్చుక. "మొదట వేళ్ళు. తరవాత పాదమంతా. డాక్టరుకి చూపించాం. నరాలు చచ్చిపోతున్నాయన్నాడు. పోయినవి తిరిగి రావన్నాడు. మందులు వాడితే పైకి పాకడం కాస్త నెమ్మదిస్తుందట, ఆగదట."

"మందులెక్కడ?"

"బండిలో. సీటు కింద. పానాల సంచిలో."

ఆమె భర్త వైపు తిరిగింది. "పెడల్ మీద కాలు పెట్టి ఉంచింది ఇది కాదు."

"తీశాననుకుంటాను," అన్నాడు ఆయన. "కాలు తీశాననే అనుకుంటాను. అక్కడే ఉంటుంది. నాకు తెలియదు. గట్టిదైతే పాదానికి తెలియకపోయినా తొడకి తెలుస్తుంది. అక్కడ తొక్కి చూశాను, తెలిసింది. అందుకే అడిగాను, వేరే ఏం లేదు."

"నేనేమో ఆ ఉన్న కాస్త కాలూ అలిసిపోకూడదని మెత్తటిది అడిగాను," అంది కూతురు మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

"నాకెందుకు చెప్పలేదే? నేను చచ్చిపోయాననుకున్నారా?"

"చెబితే ఏం చేసేదానివమ్మా? నేను రెండుసార్లు తుమ్మితే నువ్వు రెండు రోజులు పడుకోవు. నాన్నకి ఇలా అని తెలిస్తే..." ఆపేసింది. "ఈ ఇంట్లో నీకు ఏదీ చెప్పలేం. చెప్పిన మనిషినే మళ్ళీ ఓదార్చమంటావు. అందుకే ఇద్దరం దాచుకోవడం నేర్చుకున్నాం."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అయినా దానికన్నా పెద్దది ఏదో వెనకనుంచి వస్తున్నట్టు అనిపించింది ఆమెకి.

"నాన్న కాలు ఇలా ఉందని తెలిసీ తోక వెనకాల ఎలా నిలబడ్డావే?"

"ఎవరో ఒకరు నిలబడాలిగా."

"నువ్వు నడపొచ్చుగా?"

పిచ్చుక తలెత్తి తల్లి కళ్ళలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. అదే భరించలేకపోయింది ఆమె.

"నువ్వే ఒట్టు పెట్టించుకున్నావుగా అమ్మా."

ఆమె తన చేతిలోని సూది వంక చూసుకుంది. ఇన్నేళ్ళూ ఎన్ని భయాలు పడింది. జ్వరాలకి, మెట్లకి, గ్యాసు పొయ్యికి, వానకి, పిల్ల ఫోను ఎత్తకపోతే ఒకలా, ఎత్తి నిద్రమత్తులో మాట్లాడితే ఇంకోలా. సూదులు కూడా లెక్కపెట్టింది. ఇన్ని భయాలూ పడి పడి చివరికి తన చేతుల్తో తనే, స్పర్శ లేని కాలి కింద బండిని ఉంచి, ఆ బండి వెనకాల కన్నకూతుర్ని నిలబెట్టింది. భయపడాల్సిన చోట మాత్రం ఒక్కపూట కూడా భయపడలేదు.

ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. లేచి వెళ్ళి వేణ్ణీళ్ళు తెచ్చి ఆయన కాలు కడిగింది. మరీ వేడిగా ఉన్నాయేమోనని ముందు తన చెయ్యి ముంచి చూసుకుంది, ఇక ఈ కాలికి ఆ సంగతి చెప్పే దిక్కు తన చెయ్యే కదా అనుకుంటూ.

"ఇంకో ఆరు నెలలు నడపనివ్వు," అన్నాడు ఆయన మెల్లగా. "గట్టిది వేయిస్తే ఆరు నెలలు నడుపుతాను. ఆ తరవాత నువ్వేం చెబితే అది."

"ఆరు నెలలకి తొడకి కూడా తెలియకపోతే?"

ఆయన తడిసిన తన కాలి వంక చూసుకున్నాడు.

ఆమె ఫోను తీసుకుని మెకానిక్‌కి కలిపింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"అన్నయ్యా, ఆ మధ్యది వెయ్యండి."

"బావగారు ఒప్పుకున్నారా?"

"తొక్కే కాలిని చూసి వెయ్యమన్నారు కదా. నడిపేది పిచ్చుక."

ఆమె తిరిగి చూసేసరికి ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. పిచ్చుక లేచి వచ్చి ఆయన మోకాలి మీద తల పెట్టింది. ఏ మోకాలి మీద పెట్టిందో చూసుకుని, లేచి, స్పర్శ ఉన్న కుడివైపుకి మారింది.

వారం తిరిగాక మొదటి పడవ వచ్చింది. పొద్దున్నే మంచు. రేవంతా తడిసి నల్లగా మెరుస్తోంది.

పిచ్చుక స్టీరింగ్ ముందు కూర్చుంది. తండ్రి పక్క సీట్లో. నాచు మీద నిలబడగల కాళ్ళు కావు ఆయనవి. కుడికాలి వేళ్ళు కూడా మొన్నటినుంచి మొద్దుబారుతున్నాయి. ఆ సంగతి ఈసారి ఆయనే వచ్చి భార్యకి చెప్పాడు. ఆమె విన్నది, తల ఊపింది, అయ్యో అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆయనకి తెలుసు.

చెక్క దిమ్మ పట్టుకున్నది ఆమె.

తోక వెనకాల నిలబడి చూస్తే పడవ ఇంత పెద్దదని ఆమెకి అంతవరకూ తెలియదు. తాడు తెగితే ఏమవుతుందో, కొక్కెం ఊడితే ఏమవుతుందో, కాలు జారితే ఏమవుతుందో అన్నీ వరసగా కళ్ళ ముందు కనబడ్డాయి. కనబడనిచ్చింది. దిమ్మ పక్కకి తీసి, రేకు మీద రెండుసార్లు కొట్టింది.

బండి ఊపిరి పీల్చుకున్నట్టు ఒక్కసారి బిగిసి, కదిలింది. జారలేదు, గెంతలేదు. వాసన లేదు. నీళ్ళు కార్చుకుంటూ పడవ ఆమె ముందునుంచి పైకి, పైపైకి వెళ్ళింది. దిమ్మ మోసుకుంటూ ఆమె వెనకాలే ఎక్కింది.

పైన షెడ్డు ముందు పిచ్చుక ఇంజను ఆపి కిందికి దూకింది. "చూశావా అమ్మా," అంది, చిన్నప్పటిలా. అని తాళ్ళు విప్పడానికి వెనక్కి పరిగెత్తింది.

ఆమె రొప్పుతూ వచ్చి పక్కసీటు తలుపు తెరిచింది. ఆయన ముందుకే చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు చాచి ఉంది. కింద రబ్బరు పట్ట మీద, పెడల్ లేని చోట, ఆ పాదం బలంగా నొక్కి ఉంది. బండి ఆగి ఎంతసేపో అయింది. అది మాత్రం ఇంకా నొక్కే ఉంది.

ఆమె దిమ్మ కింద పెట్టింది. వంగి, రెండు చేతులతో ఆ మడమ పట్టుకుని మెల్లగా పైకెత్తింది.

ఆయన ఆమె వైపు చూశాడు.

"వదిలేశానా?" అన్నాడు.

"వదిలేశారు," అంది ఆమె.